నలభై రెండు బై రెండు

ట్రాక్ డేకి, అంటే రేసు ట్రాక్ మీద సొంత కార్లు తోలుకునే రోజుకి, వెళ్ళేముందు కారులో వదులుగా ఒక్క వస్తువు కూడా ఉండకూడదు. అది క్లబ్బు వాళ్ళ నిబంధన. మలుపులో పెన్ను మూత దొర్లి బ్రేకు కిందకి చేరినా ప్రాణం మీదికొస్తుందట. అందుకని నెలకో ఆదివారం తెల్లవారగానే నేను ఆ కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సీట్ల కింద చెయ్యి పెట్టి, మా ఆయన నెలంతా పారేసుకున్న సంసారాన్ని బయటికి లాగుతాను. మొన్నటి ఆదివారం దొరికినవి రెండు పెన్నులు, ఒక సాక్సు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, తెల్లటి పిండితో అచ్చు పోసిన ఒక దవడ. ఆ దవడ ఎవరిదో నాకు తెలుసు. 'మీ అచ్చు ఇంకా ల్యాబు నుంచి రాలేదండీ' అని ఒక పెద్దావిడకి నేనే ఫోనులో మూడుసార్లు అబద్ధం చెప్పాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూశాను. అది నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది.

మేడ మీంచి మా ఆయన అన్నీ దింపేశావా అని అడిగారు. దింపేశానన్నాను. సాక్సు ఒకటే కనిపిస్తోంది, రెండోది ఎక్కడుంది అన్నారు. చేతిలో ఉన్నది పైకెత్తి చూపించాను.

మా ఆయన పళ్ళ డాక్టరు. ఆయన క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చునేదీ, ఫోన్లెత్తేదీ, పేషెంటు నోట్లో ఉమ్మి లాగే గొట్టం పట్టుకునేదీ నేనే. జీతం మాటేమిటని పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాను. "డాక్టరుగారి భార్యకి జీతమా? జనం నవ్విపోతారు" అన్నారు. జనం నవ్వకుండా ఉండడానికి పధ్నాలుగేళ్ళుగా ఊరికే చేస్తున్నాను. పనిలో ఉన్నప్పుడు ఆయన కళ్ళు పేషెంటు నోట్లోనే ఉంటాయి, ఎడమ చెయ్యి మాత్రం వెనక్కి చాచి ఉంటుంది. ఏం కావాలో చెప్పరు. అద్దమో, దూదో, సిమెంటో నేనే కనిపెట్టి ఆ చేతిలో పెట్టాలి. ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి అలాగే ఉంటుంది, నోరు కూడా తోడవుతుంది, అంతే తేడా. కళ్ళజోడు ఎక్కడుంది, తువ్వాలు ఎక్కడుంది, నా ఫోను ఎక్కడుంది. తెలియదని నేను ఎన్నడూ అనలేదు. గొప్పకి కాదు, నిజంగానే అన్నీ తెలుసు. ఈ బుర్రలో మరొకదానికి చోటు లేనంతగా ఆయన వస్తువులే ఉన్నాయి.

ఈ ఎర్ర కారు కొని రెండేళ్ళయింది. రెండే సీట్లు. ఇంజను ముందు ఉండదు, సీట్ల వెనక, సరిగ్గా మన వెన్నుకి ఆనుకున్నట్టు ఉంటుంది. ముందు మూత ఎత్తితే రెండు సంచులు పట్టేంత గుంట. మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇంజను వెనక, డిక్కీ ముందు. చిన్నప్పుడు చొక్కా కూడా తిరగేసే తొడుక్కునేవాడు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడకి కొడుకంటే ప్రాణం. ప్రాణం కాబట్టి ఏమైనా అనగలరు. నేను అంటే మాత్రం "మా వాడు రాత్రనకా పగలనకా కష్టపడుతున్నాడు, ఒక్క సరదా ఉండకూడదా" అంటారు. ఆయన సరదాకి పొద్దున్నే లేచి డబ్బాలు సర్దేది ఎవరన్నది ఆవిడకి ఎప్పుడూ తట్టలేదు.

బరువంతా నడిమధ్యలో ఉండడంవల్ల పొడి రోజున ఆ కారు బొంగరంలా చక్కగా తిరుగుతుంది. తడి రోజున సంగతి వేరు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీంచి ఠక్కున కాలు తీశారా, కారు వెనక భాగం ముందుకొచ్చి పలకరిస్తుంది. మా ఆయనని చాలాసార్లు పలకరించింది. ప్రతిసారీ టైర్లది తప్పు, నీళ్ళది తప్పు, ముందు కారువాడిది తప్పు. కడగడానికి గడ్డితో సహా నా దగ్గరికే వచ్చేది.

ఇదంతా నాకెలా తెలుసంటే, తిరుగు ప్రయాణంలో నడిపేది నేనే. రోజంతా ట్రాక్ మీద తిరిగి అలిసిపోయి ఆయన పక్క సీట్లో నిద్రపోతారు. రెండు గంటల దారి, సగం మలుపులే. కాస్త కుదిపితే చాలు, కళ్ళు తెరవకుండానే, మనిషిని బతకనిస్తావా అని విసుక్కుంటారు. ఆ మాట పడలేక బ్రేకు ఎక్కడ మొదలైందో ఎక్కడ వదిలానో తెలియకుండా తొక్కడం నేర్చుకున్నాను. వేగం తగ్గించడమేదో మలుపుకి ముందే తగ్గించేసి, తీరా మలుపులోకి దిగాక కాలు కదపకుండా, స్టీరింగు పిల్ల తల నిమిరినట్టు తిప్పడం నేర్చుకున్నాను. గురక తెగకుండా మలుపు దాటితే నాకు నేనే మార్కులు వేసుకునేదాన్ని. ఎండలోనూ వానలోనూ కలిపి రెండేళ్ళలో ఆయన ఒక్కసారే లేచారు. అదీ దోమ కుట్టి.

ఇక అసలు సంగతి. ట్రాక్ మీద అందరినీ ఒకేసారి వదలరు. గుంపులుగా విడదీస్తారు. కొత్తవాళ్ళకి మణికట్టుకి నారింజ రంగు పట్టీ, కాస్త చెయ్యి తిరిగినవాళ్ళకి ఆకుపచ్చ పట్టీ. ఒక్కో గుంపుకి గంటకి ఇరవై నిమిషాలు. మా ఆయనది ఆకుపచ్చ. ఆ ఇరవై నిమిషాలు ఆయనకి చాల్లేదు. ఒక కారు మీద ఇద్దరు డ్రైవర్లు పేరు రాయించుకోవచ్చని తెలిసి, నా పేరు కొత్తవాళ్ళ గుంపులో రాయించారు. నువ్వు సంతకం పెట్టు చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నారు. కారు నంబరు నలభై రెండు. ఆయన నలభై రెండు బై ఒకటి, నేను నలభై రెండు బై రెండు. గేటు దగ్గర మనిషి పట్టీ మీది నంబరు చూస్తాడు తప్ప హెల్మెట్టు లోపల ఎవరున్నారో చూడడు.

పట్టీ ఒకసారి అతికిస్తే కత్తిరిస్తే తప్ప ఊడదు. కానీ వదులుగా అతికిస్తే చేతిలోంచి జారిపోతుంది. అందుకని నేను పొద్దున్నే పట్టీలు కట్టే బల్ల దగ్గరికి వెళ్ళి, కాస్త వదులుగా కట్టండి, నా చెయ్యి వాస్తుంటుంది అనాలి. తరవాత బాత్రూము వెనకకి వెళ్ళి అది తీసి ఆయనకివ్వాలి. ఆయన నా పట్టీ, నా హెల్మెట్టు పెట్టుకుని నా ఇరవై నిమిషాలు నడుపుతారు. నేను ట్రాక్ పక్క గోడ దగ్గర నిలబడి స్టాప్‌వాచీ నొక్కి, నా పేరు కింద ఆయన టైములు రాస్తాను. బల్ల దగ్గర లావు అద్దాలావిడ ప్రతిసారీ "ఇంకా వాపు తగ్గలేదా మేడమ్?" అని అడిగేది. తగ్గలేదనేదాన్ని. అలా పదకొండు ట్రాక్ డేలు, వాపు చేతితో, నేను అడుగు పెట్టకుండానే పూర్తి చేశాను.

రెండు వారాల కిందట క్లబ్బు నుంచి నా పేరు మీద ఉత్తరం వచ్చింది. పదకొండు రోజులైనా ఇంకా కొత్తవాళ్ళ గుంపులోనే ఉన్నారు, పైగా మీ డ్రైవింగు మీద ట్రాక్ మీద నిఘా పెట్టే మా టవరు నుంచి చాలా ఫిర్యాదులున్నాయి, వచ్చేసారి మా ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చుని పరీక్షిస్తాడు, తప్పితే నలభై రెండో నంబరు కారు మొత్తం రద్దు. అది చదివిన మా ఆయన మొహంలో రక్తం లేదు. పక్కన మనిషి కూర్చుంటే హెల్మెట్టు ఉన్నా గడ్డం దాగదు.

ఆ వారమంతా భోజనాల బల్లే మా ట్రాక్ అయింది. పళ్ళాలు మలుపులు, గరిటె తిన్నటి దారి, ఉప్పు సీసా జెండా ఊపే మనిషి. మా అత్తగారు ఉప్పు అడిగితే "అమ్మా, అది మార్షల్, కదపకు" అన్నారు. నాకు మాత్రం గట్టిగా ఒకటే చెప్పారు.

"ఫెయిల్ కాకూడదు. పాస్ కాకూడదు."

నాకు అర్థం కాలేదు. ఫెయిలయితే కారు రద్దు, అది సరే. పాసయితే ఆకుపచ్చ గుంపులో వేస్తారట. ఒకే కారు మీద ఇద్దరూ ఆకుపచ్చ అయితే ఒక గంట ఒకరు, ఒక గంట ఒకరు నడపాలి. నారింజ ఇరవై నిమిషాలు పోతాయి. ఇలాగే ఇంకొన్నాళ్ళు చూద్దాం అనిపించుకుంటే చాలట. అలా ఎలా నడుపుతారండీ అని అడిగాను. "మామూలుగా నడుపు. ఆడవాళ్ళు నడిపేలా" అన్నారు. మా అత్తగారు పళ్ళెంలోంచి తలెత్తకుండా, "మరి నెలనెలా నిన్ను ఇంటికి తెచ్చేదెవరు?" అన్నారు. ఆవిడ ఆ మాట నా పక్షాన అన్నారో, నిజంగానే సందేహం వచ్చి అడిగారో ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం మేము వెళ్ళేసరికి కుండపోత. లావు అద్దాలావిడ నేను నోరు తెరవకముందే పట్టీ వదులుగా అతికించేసింది. ఇన్‌స్ట్రక్టరు అరవై దాటిన పెద్దాయన, ఎప్పుడో మెకానిక్కు. రేకుల షెడ్డు కింద నన్ను కూర్చోబెట్టి, నా పేరున్న ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. మలుపు మధ్యలో కాలు తీసేస్తారు. బ్రేకు ఆలస్యంగా, తంతున్నట్టు తొక్కుతారు. నాలుగుసార్లు గడ్డిలోకి వెళ్ళారు. వెనక కారుకి దారివ్వరు. పసుపు జెండా ఊపినా వేగం తగ్గించలేదు, పైగా కారు ఆపి దిగి జెండా ఊపిన అతన్ని తిట్టారు.

"గొంతు చాలా బొంగురుగా ఉందని రాశారమ్మా" అన్నాడు పెద్దాయన.

"ఆ రోజు జలుబు" అన్నాను.

ముందు ఆ జెండా మనిషికి క్షమాపణ చెబితే గానీ కారెక్కనివ్వనన్నాడు. వానలో గొడుగు పట్టుకుని మూడో మలుపు దగ్గర గుడిసె దాకా నడిచాను. మా ఆయన గోడ దగ్గర నిలబడి చూస్తున్నారు. ఒక్క అడుగు ముందుకి రాలేదు. నేను ఆ జెండా అతనికి, ఆ రోజు నోరు జారాను, మనసులో పెట్టుకోకండి అని చెప్పాను. అతను పాపం చాలా మర్యాదస్తుడు. "పర్లేదు మేడమ్. కాకపోతే ఆ బూతు నేను అప్పటిదాకా వినలేదు" అన్నాడు. అదేమిటో నేను అడగలేదు. నాకు తెలిసే ఉంటుంది.

తిరిగి నడుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. గొడుగు ఉన్నా తడిసిపోయాను, అయినా మంట చల్లారలేదు. నా పేరు మీద పదకొండు రోజులు. అందులో ఒక్క నిమిషం నాది కాదు. ఒక్క తప్పు కూడా నాది కాదు. కనీసం నా తప్పులు నేను చేసుకునే అవకాశమైనా రాలేదు. క్షమాపణ ఒక్కటే నా వంతుకి వచ్చింది. క్లినిక్కులో పన్ను మారిపోతే పేషెంటు కాళ్ళావేళ్ళా పడేదీ నేనే, ఇంట్లో ఆయన మర్చిపోయిన పెళ్ళిళ్ళకి చుట్టాల చేత చీవాట్లు తినేదీ నేనే. ఇక్కడికి వచ్చి కూడా అదే పనా? నాకు ఇరవై నిమిషాలు కావాలి. నా పేరున్న ఇరవై నిమిషాలు నాకు కావాలి. అంతకన్నా పెద్ద కోరిక నాకు ఆ క్షణంలో ఇంకేదీ కనిపించలేదు.

కారెక్కబోతుంటే ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, గుర్తుంది కదా, మామూలుగా అని గుసగుసలాడారు. పక్క సీట్లో పెద్దాయన బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. "ఫైలు చదివాక మా ఆవిడకి ఫోను చేసి వచ్చానమ్మా" అన్నాడు. రెండు చేతులతో సీటు అంచు పట్టుకున్నాడు.

బయటికి వచ్చాను. అద్దం నిండా నీళ్ళు, వెనక ఇంజను వీపు మీద చెయ్యి వేసినట్టు సన్నగా అదురుతోంది. ఇంతకు ముందు ఎన్నిసార్లో విన్న చప్పుడే, కానీ ఇప్పుడు పక్కన గురక లేదు. మొదటి మలుపు, రెండో మలుపు జాగ్రత్తగా తిప్పాను. మూడో మలుపు కిందికి దిగుతూ తిరుగుతుంది. మా ఆయన గడ్డి తెచ్చేది అక్కడినుంచే. మలుపు మధ్యలో నీళ్ళు పారుతున్నాయి. వెనక చక్రాలు ఒక్కసారి పక్కకి జరిగాయి. నా తలలో అందరూ ఒకేసారి మాట్లాడారు. కాలు తీసెయ్యి అని ఆయన, మెల్లిగా అమ్మాయ్ అని అత్తగారు, జనం నవ్విపోతారు అని ఇంకెవరో. నేను కాలు తియ్యలేదు. ఎంత తొక్కి ఉంచానో అంతే ఉంచి, స్టీరింగు కాస్త ఎదురు తిప్పి, నేను ఎటు వెళ్ళాలో అటే చూశాను. నిద్రపోతున్న మనిషిని లేపకూడదు, అంతే. కారు సర్దుకుని బుద్ధిగా దారిలోకి వచ్చింది. గుడిసెలో జెండా అతను తొంగి చూసి, ఏమనుకున్నాడో చెయ్యి ఊపాడు.

నాకు నవ్వొచ్చింది. హెల్మెట్టులో ఎవరికీ కనిపించదు కదా అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను. సంతోషమంటే ఇదా అనిపించింది. ఇన్నాళ్ళూ ఈ సంతోషాన్ని నేను తువ్వాళ్ళు మడిచి, మంచినీళ్ళు నింపి, వేరే మనిషికి అందిస్తూ వచ్చాను. ఆ మాట అనుకోగానే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, తుడుచుకోవడానికి హెల్మెట్టు అడ్డం. పెద్దాయన చేతులు ఎప్పుడు వదిలేశాడో గమనించలేదు. నాలుగో చుట్టుకి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాయి. ఆరో చుట్టుకి ఆవలించాడు. మామూలుగా నడపమన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా చేయగలిగింది లేదు. నాకు మామూలంటే ఇదే.

ఆగాక పెద్దాయన హెల్మెట్టు తీసి, ఫైలు చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫైలు చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నానమ్మా, పక్క సీట్లో నాకు కునుకు వచ్చింది ఈ రోజేనన్నాడు. ఇందులో రాసిన మనిషి మీరు కాదు అని కూడా అన్నాడు. అడుగున ఏదో రాసి సంతకం పెట్టి, ఒంటిగంటన్నరకి వెళ్ళి ఆకుపచ్చ పట్టీ తీసుకోండన్నాడు. మా ఆయన అప్పటికే అక్కడికి వచ్చేశారు. ముందు మొహం వాడిపోయింది, తరవాత తేరుకుని, "నేనే నేర్పించానండీ" అన్నారు.

పెద్దాయన ఫైలు మూస్తూ, తెలుస్తూనే ఉందన్నాడు.

పన్నెండయ్యేసరికి వాన వెలిసి ఎండ కాసింది. ట్రాక్ మీంచి ఆవిర్లు లేచి, మొదట చక్రాలు నడిచే చాళ్ళు ఎండి, ఆ తరవాత అంతా తెల్లబడింది. తువ్వాలుతో కారు తుడుస్తుంటే ఆయన నా పక్కకి వచ్చారు. కోపం లేదు, లాలన. ఆకుపచ్చ వద్దని చెప్పెయ్, నాకు భయం అని చెప్పు, ఆడవాళ్ళు అలా అంటే ఏమీ అనుకోరు అన్నారు. నేను టైర్లలో గాలి చూస్తున్నాను. వెనక చక్రాల్లో కొంచెం తగ్గించాలి, ట్రాక్ పొడిగా ఉంది అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, సరే అయితే కట్టించుకో, కానీ వదులుగా కట్టించుకో, రెండింటి సెషను నీది, మూడింటిది నాది, పొడి ట్రాక్ కదా, రెండూ నేనే చూసుకుంటాను అన్నారు. నువ్వు ఎలాగూ తడిలో నడిపావు, సరదా తీరింది కదా అని కూడా అన్నారు. ఒక దేశాన్ని రెండుగా పంచి, రెండు ముక్కలూ తనే ఉంచుకున్న రాజులా తృప్తిగా నిట్టూర్చారు.

బల్ల దగ్గర లావు అద్దాలావిడ నారింజ పట్టీ కత్తిరించి, ఆకుపచ్చది తీసి నా మణికట్టు చుట్టూ తిప్పింది. అలవాటు కొద్దీ రెండు వేళ్ళ సందు వదిలింది. నా వెనక వరసలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. ఇద్దరి చేతులకీ పట్టీలు గాజుల్లా వేలాడుతున్నాయి. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆవిడ తలెత్తి, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది.

"వాపు ఎలా ఉంది మేడమ్?"

"తగ్గిపోయింది. బిగించండి" అన్నాను.

బిగించింది. అతికించిన చోట బొటనవేలితో రెండోసారి కూడా నొక్కింది. చెయ్యి విదిలించి చూశాను, కదల్లేదు.

నేను వచ్చేసరికి రెండింటికి పది నిమిషాలుంది. ఆయన నా హెల్మెట్టు పెట్టేసుకుని, కారు ముందు మూత ఎత్తి, సంచుల్లో తల దూర్చి చేతి తొడుగుల కోసం వెతుకుతున్నారు. నా అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే ఎడమ చెయ్యి వెనక్కి చాచారు. పట్టీ కోసం. పధ్నాలుగేళ్ళుగా ఆ చేతిలో ఏదో ఒకటి పెడుతూనే ఉన్నాను. ఆ క్షణంలో కూడా నా చెయ్యి దానంతట అది కదిలింది, అబద్ధం ఎందుకు. పట్టీ రాలేదు. బిగుతుగా ఉంది.

చెయ్యి ఖాళీగా ఉండడంతో ఆయన తిరిగి చూశారు. నా మణికట్టు చూశారు. మొహం ఎర్రబడింది, కానీ చుట్టూ జనం. హెల్మెట్టు తీసి, గొంతు తగ్గించి, "ఇదేం పని? కత్తిరించి టేపుతో అతికిద్దాం. కత్తెర ఎక్కడుంది?" అన్నారు.

కత్తెర పెద్ద సంచీలో, ఎడమ పక్క జేబులో, టేపు చుట్ట కింద ఉంది. పొద్దున ఐదున్నరకి నేనే పెట్టాను.

"తెలియదు" అన్నాను.

ఆయనకి ఆ మాట అర్థం కాలేదు. ఇంకోసారి అడిగారు. నేను ఇంకోసారి తెలియదన్నాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే తేలిక. కారు తాళం కూడా కనిపించడం లేదు, అది ఎక్కడుందన్నారు. అది నా గుప్పెట్లో ఉంది. గుప్పెట ఇంకాస్త బిగించాను. ఆయన గొణుక్కుంటూ సంచులు రెండూ బయటికి తీసి, నేల మీద పెట్టి, తువ్వాళ్ళన్నీ విప్పి దులపడం మొదలుపెట్టారు. నేను ముందు మూత వేశాను. నా హెల్మెట్టు నేను పెట్టుకున్నాను. సీటు కింద ఒకసారి చెయ్యి పెట్టి చూశాను, వదులుగా ఏమీ లేవు. ఇంజను మొదలయ్యాక ఆయన తలెత్తారు, చేతిలో పానా ఉంది, ఒళ్ళంతా తువ్వాళ్ళు.

గేటు దగ్గర మనిషి నా పట్టీ చూసి, నలభై రెండు బై రెండు అని చదివి, వెళ్ళమని చెయ్యి ఊపాడు. పొడి ట్రాక్ మీద ఆ కారు ఇంకో మనిషి. తడిలో బతిమాలి తిప్పిన మలుపులే ఇప్పుడు నేను చూసినంత మాత్రాన తిరిగాయి. మూడో మలుపులో నేను తప్పు చేశాను, లోపలికి మరీ తొందరగా తిరిగి వెడల్పుగా బయటికి వచ్చాను. గట్టిగా నవ్వాను. అది నా మొదటి తప్పు, అచ్చంగా నాది.

చుట్టు పూర్తి చేసి తిన్నటి దారిలోకి వచ్చేసరికి ఆయన గోడ దగ్గర, నేను ఎప్పుడూ నిలబడే చోట, నిలబడి ఉన్నారు. చేతిలో స్టాప్‌వాచీ ఉంది. అది చిన్న సంచీలో, అడుగున, సాక్సుల కింద ఉండాలి. పధ్నాలుగేళ్ళలో ఆయన తనంతట తాను వెతుక్కున్న మొదటి వస్తువు అదే. నొక్కారో లేదో చూడడానికి నేను కాలు తియ్యలేదు.